నారాయణప్పకు రావలసిన కవరు

పదేళ్ళుగా ఒక విషయం దాచుకుని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే రోజంతా కుమిలిపోతున్నానని కాదు. రోజులకు రోజులు అది గుర్తే రాదు. పాఠాలు చెబుతాను, రోగులను చూస్తాను, దారిలో కూరగాయలు కొనుక్కుని ఇంటికి వెళ్తాను. ఇంతలో ఎవరో నన్ను "డాక్టర్‌గారూ" అని పిలుస్తారు. లోపల ఏదో బరువుగా కదులుతుంది. ఒక్క క్షణమే. మళ్ళీ సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు రాసే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు కదా.

నేను ఫిజియోథెరపిస్టును. గుంటూరు వైపు మనిషిని. తొంభైల మధ్యలో బెంగళూరు వచ్చి, ఒక ఆసుపత్రిలో పనిచేస్తూనే పీహెచ్‌డీకి చేరాను. అప్పట్లో మా చదువులో పీహెచ్‌డీ అంటే నవ్వేవాళ్ళు. కాళ్ళూ చేతులూ తోమడానికి డాక్టరేట్ ఎందుకమ్మా అని మా బాబాయి ఒక పెళ్ళిలో అందరి ముందూ అడిగాడు. ఆ మాట గుచ్చుకుంది. ఆయనకు సమాధానం చెప్పాలన్న పట్టుదలే నాతో ఈ పని చేయించిందా? కాదు. ఇది సాకు. సాకులు రాయకూడదనుకుని కూర్చున్నాను, రెండో పేజీ కూడా రాకముందే ఒకటి రాశాను.

పక్షవాతం వచ్చినవాళ్ళు మళ్ళీ నడక ఎలా నేర్చుకుంటారన్నది నా పరిశోధన. బొమ్మసంద్రలో ఒక చిన్న వర్క్‌షాపువాళ్ళు మాకోసం ఇనుప చట్రం చేసిచ్చారు. దాని కింద ట్రెడ్‌మిల్. చట్రం నుంచి పట్టీలు వేలాడుతుంటాయి. వాటిని రోగి నడుముకూ తొడలకూ బిగించి, ఒంటి బరువు కొంత చట్రం మోసేలా చేసి, కదిలే బెల్టు మీద నడిపిస్తాం. పడిపోతానన్న భయం ఉండదు కాబట్టి కాలు తన నడకను త్వరగా గుర్తు తెచ్చుకుంటుందని మా ఆశ. దీన్ని మామూలు పద్ధతితో పోల్చి చూడాలి. మామూలు పద్ధతి అంటే రెండు కడ్డీల మధ్య పట్టుకుని నడవడం, చాప మీద వ్యాయామాలు. సగంమంది మిషన్ మీద, సగంమంది కడ్డీల మధ్య. ఎనిమిది వారాలు. మొదటిరోజూ చివరిరోజూ రోగి అరికాళ్ళకు నీలం సిరా పూసి, నేల మీద పరిచిన పొడవాటి తెల్లకాగితం మీద నడిపించి, ఆ అడుగులను స్కేలుతో కొలిచేదాన్ని.

ఎవరు ఎటు వెళ్ళాలో మేం నిర్ణయించకూడదు. ఈ రకం పరిశోధనకు ప్రాణం అదే. బాగుపడేలా కనిపించే మనిషిని మనకిష్టమైన వైపు పంపితే, ఇక కొలిచేదేముంది? అందుకే మా గైడ్ చీటీలు వేశారు. ఆయన కన్నడ మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవారు, గట్టిగా మాట్లాడడం కూడా తెలియనివారు. ఒక ఆదివారం ఆయనా ఆయన భార్యా ఇంట్లో కూర్చుని చీటీలు మడిచి, గోధుమరంగు కవర్లలో పెట్టి, జిగురు అంటించి, పైన వరుసగా నంబర్లు వేశారు. లోపల ఒకే మాట ఉంటుంది. మిషన్, లేదా వ్యాయామం. కొత్త రోగి వచ్చినప్పుడు వరుసలో తర్వాతి కవరు తెరవాలి. ఆ కవర్ల బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది. నా దగ్గర ఎందుకు ఉంచారని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. ఆయన నన్ను నమ్మారు. అంతకు మించి కారణం లేదు.

మొదటి ఏడాది నాకు అదృష్టం కలిసిరాలేదు. మిషన్ వైపు వచ్చినవాళ్ళందరూ బాగా దెబ్బతిన్నవాళ్ళే. ఒకాయన సగంలో మానేశాడు. ఒకామెకు మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. కడ్డీల వైపు వచ్చినవాళ్ళు మాత్రం హాయిగా నడుచుకుంటూ ఇంటికి వెళ్తున్నారు. నా గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. గైడ్ వెళ్ళిపోతే నా పని అక్కడే ఆగిపోతుంది. అన్నింటికంటే, ఆ మిషన్ మీద నాకు నమ్మకం ఉండేది. నిజంగా ఉండేది. మంచి పద్ధతికి చీటీలు అన్యాయం చేస్తున్నాయని నాకు అనిపించింది. తర్వాత చాలా ఏళ్ళు ఈ వాక్యం వెనుకే దాక్కున్నాను.

ఒకరోజు ఉదయం బీరువాలోంచి తర్వాతి కవరు తీసి, హాలులో తూర్పు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎండ కవరు మీద పడింది. లోపలి మాట మసకగా కనిపించింది. చూడాలని చూడలేదు. ఆ మొదటిసారి నిజంగానే చూడాలని చూడలేదు.

కవరులో ఉన్నది మిషన్. బయట బెంచీ మీద కూర్చున్న మనిషి నారాయణప్ప.

నారాయణప్పది బెంగళూరు పాతపేటలోని కబ్బన్‌పేట. తాతల కాలం నుంచీ అక్కడ పట్టుచీరలు నేసే కుటుంబం. యాభై దాటిన మనిషి. ఎడమవైపు పడిపోయి నాలుగు నెలలైంది. చెయ్యి సగం వచ్చింది, కాలు కొయ్యలా బిగుసుకుపోయింది. పాదం నేల మీద ఈడ్చుకుపోయేది. పక్కన భార్య రత్నమ్మ, చేతిలో మందుల సంచి. ఆయన మాట్లాడే తెలుగు నాకు మొదట్లో సరిగా అర్థమయ్యేది కాదు. మావైపు తెలుగు కాదు. మధ్యలో కన్నడం వచ్చి కూర్చునేది. మగ్గం గుంటలో కూర్చుని రెండు కాళ్ళతో పలకలు తొక్కాలని, ఎడమకాలు రాకపోతే మగ్గం లేదని ఆయన నాకు మొదటిరోజే చెప్పాడు. రెండు పద్ధతుల్లో ఏది మేలో మాకే తెలియదని, అందుకే చీటీ వేస్తున్నామని నేను వివరించాను. ఆయన తల ఊపి కన్నడంలో సంతకం పెట్టాడు.

వారం తర్వాత రావలసిన రోగి ఒకడున్నాడు. ముప్పై ఏళ్ళ బ్యాంకు గుమాస్తా. అప్పటికే కర్ర లేకుండా నాలుగడుగులు వేస్తున్నాడు. అతను ఏ పద్ధతిలోనైనా నడుస్తాడని నాకు తెలుసు. నారాయణప్ప ఏ పద్ధతిలోనూ పెద్దగా నడవడని కూడా తెలుసనుకున్నాను. అనుకున్నాను. తెలుసుకోవడానికే కదా ఆ పరిశోధన?

రెండో కవరునూ ఎండకు పెట్టి చూశాను. ఈసారి చూడాలనే చూశాను. వ్యాయామం. రెండు కవర్ల జిగురునూ ఆవిరికి పట్టి విప్పి, చీటీలు అటూ ఇటూ మార్చి, మళ్ళీ అంటించాను. పది నిమిషాలు పట్టలేదు. చేతులు వణకలేదు. వణికాయని రాయాలని ఉంది.

బయటికి వెళ్ళి, నారాయణప్ప ముందే కవరు చించి, చీటీ చదివి వినిపించాను.

ఆయన క్రమం తప్పకుండా వచ్చేవాడు. చెప్పిన సమయానికి గంట ముందే వచ్చి, బెంచీ మీద కూర్చుని, మిషన్ మీద నడిచేవాళ్ళను చూస్తూ ఉండేవాడు. పట్టీలలో వేలాడుతున్న మనిషి కాళ్ళు బెల్టు మీద ఒకదాని తర్వాత ఒకటి కదులుతుంటే ఆయన కుడికాలు కూడా కూర్చున్నచోటే కదిలేది. రెండోవారంలో కడ్డీల మధ్య ఆయన మోకాలికి పట్టీ కడుతున్నప్పుడు అడిగాడు.

"ఏమమ్మా, ఆ మిషన్ మీదికి నన్నెప్పుడు ఎక్కిస్తావు?"

"మీకు వ్యాయామమే వచ్చింది నారాయణప్పగారూ. చీటీలో అదే ఉంది. మీ ముందే తెరిచాను కదా."

"చీటీలో అదే ఉండాదా?" కొంచెంసేపు ఆ చట్రం వైపు చూశాడు. "అట్లయితే ఇంక అడిగేదేముందమ్మా. దేవుడిచ్చినట్ల. నీ చేతిలో ఏముండాది? నువ్వు బేజారు పడొద్దు."

నేను పట్టీ ముడి వేశాను. అది గట్టిగా బిగుసుకుందని ఆయనే చెప్పాల్సి వచ్చింది.

అప్పుడైనా దిద్దుకుని ఉండవచ్చు. రెండో వారమే. గైడ్ దగ్గరికి వెళ్ళి చెబితే ఆయన కోప్పడేవారు కాదేమో కూడా. ఆ ఇద్దరి లెక్క తీసేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నన్ను నేను అడిగిన ప్రతిసారీ వేరే జవాబు వస్తుంది. అంటే ఏదీ నిజం కాదన్నమాట.

ఎనిమిది వారాల తర్వాత కాగితం మీద నారాయణప్ప అడుగుల పక్కన ఎడమ బొటనవేలు గీసిన నీలం గీత అలాగే ఉంది. కొంచెం పొట్టిదైంది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, కాలిని పక్కకు విసురుతూ. బ్యాంకు గుమాస్తా మిషన్ మీద ఎనిమిది వారాలు నడిచి, ఆసుపత్రి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతని పాదముద్రల ఫోటో నా థీసిస్‌లో ఉంది.

ఇక్కడ ఆగి ఒకటి సరిచేయాలి. ఇంతవరకూ చదివి మీరు నేను ఒక్కసారే మార్చాననుకుని ఉంటారు. అలా అనుకోవాలనే రాశాను. ఒక్కసారి కాదు. ఆ తర్వాత ఇంకో ఐదుసార్లు మార్చాను. మొదటిసారి తర్వాత ఆ కిటికీ దగ్గరికి వెళ్ళడం నాకొక అలవాటైంది. ప్రతిసారీ మిషన్ వైపు తేలికైన రోగి, కడ్డీల వైపు కష్టమైన రోగి. మిగతావాళ్ళ పేర్లు గుర్తున్నాయి, ముఖాలు గుర్తులేవు. నారాయణప్ప ఒక్కడే గుర్తుండిపోయాడు. నన్ను అడిగింది ఆయనొక్కడే కాబట్టేమో.

ఫలితాలు చక్కగా వచ్చాయి. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు. చీటీలు వేసిన పద్ధతి గురించి ఒకరు అడిగితే, కవర్లకు నంబర్లు వేసి, అంటించి, తాళం వేసి ఉంచామని చెప్పాను. ఒక్క మాటా అబద్ధం కాదు. గైడ్ లేచి నా తల మీద చెయ్యి పెట్టారు. ఆయన ఇంట్లో ఆయన భార్య చేసిన ఒబ్బట్లు తిన్నాను. మా బాబాయి ఫోన్ చేసి, డాక్టరమ్మగారూ అన్నాడు. నాకు ఆనందంగానే ఉంది. ఇది కూడా చెప్పాలి. ఆనందంగానే ఉంది.

అదే ఆసుపత్రి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. పరిశోధనా పద్ధతులు నేనే చెప్పేదాన్ని. చీటీ ఎందుకు వేయాలో, కవరులోపల ఏముందో ముందే ఎందుకు తెలియకూడదో పిల్లలకు బాగా అర్థమయ్యేలా చెబుతానని పేరు కూడా వచ్చింది.

కొన్నేళ్ళకు నస్రీన్ వచ్చింది. కర్నూలు అమ్మాయి. తెలివైనది, మొండిది. నా పనినే ఇంకా పెద్దగా, ఇంకా జాగ్రత్తగా మళ్ళీ చేస్తానంది. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం ఏముంది? అసలు కారణం తప్ప. సరేనన్నాను. నేనే ఆమెకు గైడ్‌నయ్యాను.

నస్రీన్ తన చీటీలను నల్ల కాగితంలో చుట్టి కవర్లలో పెట్టింది. తాళంచెవి ఆఫీసు గుమాస్తాకు ఇచ్చింది. ఎవరూ చెప్పకుండానే. రెండేళ్ళు పనిచేసింది. రెండు గుంపుల మధ్య తేడా రాలేదు. ఏమాత్రం రాలేదు.

అది చూసినప్పుడు నాకు మొదట కలిగినది ఏమిటో తెలుసా? ఊరట. మిషన్‌లో ప్రత్యేకత ఏమీ లేదన్నమాట, నారాయణప్ప పోగొట్టుకున్నదీ ఏమీ లేదన్నమాట. ఒక పూటంతా ఆ ఊరటతో తిరిగాను. నస్రీన్ ఒక్కతే నిద్రాహారాలు మాని పాదముద్రల కాగితపు చుట్టలన్నీ విప్పి, ప్రతి అడుగునూ మళ్ళీ కొలుస్తోంది.

"మేడమ్, నా టెక్నిక్‌లోనే ఏదో మిస్టేక్ ఉంది," అంది ఒకరోజు నా గదిలోకి వచ్చి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "స్ట్రాప్స్ సరిగ్గా టైట్ చేయడం నాకు రావట్లేదేమో. మీకు అంత క్లియర్‌గా వచ్చిన డిఫరెన్స్ నాకెందుకు రావట్లేదు?"

ఒక్క వాక్యం చెబితే చాలు. నోటిదాకా వచ్చింది. "ఇంకొంచెం ఓపిక పట్టు," అన్నాను.

ఆమె ఇంకో ఏడాది ఓపిక పట్టింది. తర్వాత పీహెచ్‌డీ మానేసింది. తాను ఈ పనికి తగనని, మీ సమయం వృథా చేశానని, క్షమించమని ఒక కాగితం రాసి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. దేవనహళ్ళి దగ్గర నడవలేని పిల్లల బడిలో చేరిందని తర్వాత తెలిసింది. నన్ను క్షమించమని అడిగింది. నన్ను.

నారాయణప్పకు చేసిన దానికి మంచి పద్ధతి కోసమని పేరు పెట్టుకున్నాను. నస్రీన్‌కు చేసిన దానికి ఏం పేరు పెట్టను? ఆ కాగితం బల్ల మీద చాలారోజులు ఉంది. ఒక శనివారం పాత ఫైలులోంచి నారాయణప్ప చిరునామా రాసుకుని కబ్బన్‌పేట వెళ్ళాను.

ఇరుకు సందు. రెండువైపులా ఇళ్ళలోంచి కరెంటు మగ్గాల చప్పుడు. వెతకాల్సిన పనిలేకుండానే ఇల్లు దొరికింది. నారాయణప్ప గుమ్మం లోపల పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు కండెలు చుట్టే రాట్నం. కుడిచేత్తో ఆయన చక్రం తిప్పుతుంటే, ఎదురుగా కూర్చున్న రత్నమ్మ దారం పట్టుకుంటోంది. ఒక మనిషి చేసే పని ఇద్దరూ చేస్తున్నారు.

నన్ను వెంటనే గుర్తుపట్టారు. రత్నమ్మ లేచి కాఫీ తెచ్చింది. నువ్వు నేర్పిన నడకేనంటూ నారాయణప్ప కర్ర తీసుకుని వీధి గుమ్మం దాకా నడిచి చూపించాడు. మగ్గం ఏదని నేను అడగలేదు. గుంట ఉండాల్సినచోట బియ్యం డబ్బాలు ఉన్నాయి.

"నారాయణప్పగారూ, ఆ రోజు చీటీలో మీకు మిషనే వచ్చింది. నేను మార్చాను."

"ఏ చీటీ అమ్మా?"

ఆయనకు గుర్తులేదు. పదేళ్ళు నేను మోసింది ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. అక్కడ ఆగిపోవచ్చు. ఏమీ లేదండీ అని కాఫీ తాగి వచ్చేయవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ మొదటినుంచీ చెప్పాను. కవర్లు, కిటికీ, ఆవిరి, బ్యాంకు గుమాస్తా. చెబుతున్నకొద్దీ చక్రం నెమ్మదించి ఆగింది.

"ఎందుకు చేసినావమ్మా?"

"మీరు బాగుపడరనుకున్నాను. బాగుపడేవాళ్ళు మిషన్ మీద ఉంటే నా చదువు గట్టెక్కుతుందని చేశాను."

"రెండు బస్సులు మారి పిలుచుకొని వస్తా ఉంటిని కదమ్మా," అంది రత్నమ్మ. అంతే అంది.

నారాయణప్ప తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. "ఆ మిషన్ ఎక్కింటే నేను మగ్గం తొక్కుతా ఉంటినా?"

"తెలియదు."

"తెలీదంటే ఎట్లమ్మా? అది తెలుసుకునేదానికే కదా నువ్వు చదివింది."

నా థీసిస్ మూడువందల పేజీలు. ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు అందులో జవాబు ఉండాలి. దాన్ని నేనే పాడుచేశాను. మిషన్ మంచిదని చెప్పలేను, కాదనీ చెప్పలేను. నస్రీన్ ఫలితాలు అందరి గురించి చెబుతాయి, ఈ ఒక్క కాలి గురించి చెప్పవు.

ఆయన తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. "దారం పట్టు," అన్నాడు భార్యతో. చక్రం మళ్ళీ తిరిగింది. ఇద్దరిలో ఎవరూ మళ్ళీ నా వైపు చూడలేదు. నేను లేచి వచ్చేశాను.

గైడ్ అప్పటికే పోయారు. ఆయనకు చెప్పే అవకాశం నాకు లేదు. యూనివర్సిటీకి ఇంకా రాయలేదు. రాస్తానని ఇక్కడ మాటివ్వను, ఇచ్చి తప్పితే అదొక తప్పవుతుంది. నస్రీన్‌కు మాత్రం రాశాను. ఆరుసార్లూ మార్చిన కవర్ల నంబర్లన్నీ వేసి, కింద ఇలా రాశాను: "నీ కొలతల్లో తప్పు లేదు. నా కొలతల్లో ఉంది. నీకు మూడేళ్ళ క్రితమే చెప్పాల్సింది." ఉత్తరం చేరింది. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

ఏదీ తిరిగి రాలేదు. మగ్గం రాలేదు, ఆ అమ్మాయి చదువు రాలేదు. అయినా ఆ ఉత్తరం పోస్టులో వేసి వెనక్కి నడుస్తున్నప్పుడు ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. ఎన్నేళ్ళ తర్వాతో. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఇంకోసారి గట్టిగా పీల్చుకున్నాను.